రెండు కాళ్లతోనే ఎందుకు తోయించారు

మంచం కదులుతుందని ముందే చెప్పి ఉంటే నేను దాని మీద పడుకునేదాన్ని కాదు. జూన్ రెండో సోమవారం, జనగామలో హైదరాబాదు రోడ్డు మీదున్న ఒక ఫిజియోథెరపీ సెంటరులో, అక్కడి అమ్మాయి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు పాదాలు కడ్డీకి ఆనించి తోయమంది. తోశాను. ఒంటి కింద పలక చక్రాల మీద జర్రున వెనక్కి జారింది. దాంతోపాటు నేనూ జారాను.

"అయ్యో, పోతున్న, పోతున్న!" అని అరిచాను.

నన్ను దింపడానికి వచ్చిన మా మరిది, అంటే మా చెల్లెలి భర్త, గుమ్మంలో నిలబడి నవ్వాడు. "యాడికి పోతవ్ వదినా, కింద స్ప్రింగులు పట్టుకొనే ఉన్నయి. ఫీజు కట్టి పండుకునుడు గూడ ఒక వైద్యమే అయిపాయె!"

ఆ మంచాన్ని రిఫార్మర్ అంటారు. దాని మీద చేయించే వ్యాయామం పేరు పిలాటిస్. పొడుగాటి చట్రం, అందులో ముందుకూ వెనక్కూ జారే పలక, ఒక చివర కాళ్లతో తోయడానికి కడ్డీ, ఇంకో చివర చేతులతో లాగడానికి పట్టీలు. పలకను చట్రానికి పట్టి ఉంచేవి స్ప్రింగులు. అక్కడి మంచానికి ఎరుపు గట్టిది, నీలం మధ్యరకం, పసుపు మెత్తనిది. మనిషి బలాన్ని బట్టి వాటిని తగిలిస్తారు, తీస్తారు. నిలబడి చేయలేనివాళ్లు పడుకునే కాళ్లకు పని చెప్పవచ్చు. ఒంటి బరువంతా తుంటి మీద పడదు, ఎంత పడాలో అంతే పడేలా చూసుకోవచ్చు. నేను బయ్యారంలో, దంతాలపల్లిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కొలతకు లొంగే వైద్యం అనేసరికి నాకు నమ్మకం కుదిరింది.

ఏదో ఒకదాన్ని నమ్మక తప్పని స్థితిలోనే ఉన్నాను. ఆ ఏడాది శివరాత్రికి ముందు మహబూబాబాద్‌లో నేనుండే ఇంటి మెట్ల మీద పడి, ఎడమ తుంటి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఎముక అతికిందని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పేనాటికి ఎడమ తొడ కుడి తొడ కన్నా ఎంత సన్నబడిందో టేపు పెట్టి కొలుచుకున్నాను. కొలిచాక టేపు చుట్టి దాచేశాను. మళ్లీ చూడబుద్ధి కాలేదు.

మహబూబాబాద్ ఇల్లు నా సొంతం కాదు, కిరాయిది. కింద ఇంటావిడ తన కొడుకు, కోడలితో ఉంటుంది, బట్టలు కుడుతుంది. పైన రెండు గదులు నావి. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాను. పెళ్లి చేసుకోలేదు కాబట్టి వేరే ఇల్లు అంటూ లేదు. ఆమెను నేను ఆపా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. ఆపరేషన్ తర్వాత జనగామలో చెల్లెలి ఇంటికి పోతూ ఆమెకు ఒకటే మాట చెప్పాను, దసరాలోగా వస్తాను, అంతవరకు గదులు ఎవరికీ ఇవ్వకు అని. ఆమె దాచకుండా చెప్పింది. "మా మరదలోళ్లు అడుగుతున్నరు టీచరమ్మా. దసరా దాకా నేను జవాబు చెప్పుకుంట. తర్వాత మాత్రం నన్ను అడగొద్దు, ఇంట్ల లడాయి అయితది."

అంటే దసరాకు నేను ఆ మెట్లు ఎక్కగలగాలి. ఎక్కితే నా గదులు నాకుంటాయి. ఎక్కలేకపోతే మిగిలిన బతుకంతా ఎవరో ఒకరి ఇంట్లో, వాళ్లు పెట్టిన వేళకు తింటూ.

ఈ రిఫార్మర్ సంగతి వెతికి పట్టుకున్నది మా చెల్లెలి బిడ్డ. భూపాలపల్లిలో ఉంటుంది. భర్తది బొగ్గు గనిలో షిఫ్టు పని, ఆమెది ఒక ఆఫీసులో కాంట్రాక్టు నౌకరి. హైస్కూలు చదువంతా నా దగ్గర, ఆ పై గదుల్లోనే ఉండి పూర్తి చేసింది. మొదటి రోజు సెలవు పెట్టి వచ్చి, నన్ను బయట కుర్చీలో కూర్చోబెట్టి, తాను లోపలికి పోయి ఆ అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడావే అంటే, "నీ కాలు ముచ్చటే పెద్దమ్మా, ఇంకేం ఉంటది" అంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోను చేసేది.

"పెద్దమ్మా, ఇయ్యాల ఏం స్ప్రింగులు?"

"రెండు ఎరుపు, ఒక నీలం."

"శబాష్! నడుం నొస్తలేదు గదా?"

"నడుమెందుకు నొస్తదే? విరిగింది తుంటి."

"ఊకనే అడిగిన. చేతులల్ల బలం వస్తున్నదా మరి?"

చెల్లెలికి నా మీద లేనంత శ్రద్ధ ఆమె బిడ్డకు ఉందని మురిసిపోయేదాన్ని. గోడ క్యాలెండరులో ఆ రోజు తారీఖు పక్కన, ఏ రంగు స్ప్రింగులు వేశారో ఆ రంగు పెన్సిలుతో చుక్కలు పెట్టేదాన్ని, ఆమె అడిగితే తప్పు చెప్పకూడదని. చెల్లెలు చూసి, "అక్కా, ముగ్గేస్తున్నవా" అనేది.

మంచం గురించి అబద్ధం చెప్పను. అది పనిచేసింది. మొదట్లో తోసిన పలక తిరిగి వచ్చేటప్పుడు ధన్‌మని కొట్టుకునేది. "తోసుడు అందరు చేస్తరమ్మా. మెల్లగ వెనక్కి రానియ్యాలె. కండ గట్టిపడేది అక్కడ్నే" అని ఆ అమ్మాయి పక్కన నిలబడి చప్పుడు వినేది. కొన్నాళ్లకు చప్పుడు పోయింది. ఒకసారి పట్టీలు పట్టుకుని కాళ్లు పైకెత్తే వ్యాయామానికి ఉన్న రెండు స్ప్రింగుల్లో ఒకటి తీసేస్తే నాకు కోపం వచ్చింది.

"తగ్గిస్తున్నవేంది? మొన్న బాగానే చేసిన గదా."

"తగ్గిస్తలేనమ్మా, పెంచుతున్న. స్ప్రింగు తక్కువైతే పలక వదులైతది. దాన్ని మీ పొట్టతోనే ఆపుకోవాలె."

చేసి చూస్తే నిజమే, పొట్టంతా వణికింది. ఎక్కువ స్ప్రింగులంటే ఎక్కువ మార్కులు అనుకున్నదాన్ని, ఆ రోజు నుంచి క్యాలెండరులో వ్యాయామం పేరు కూడా రాయాల్సి వచ్చింది. శ్రావణం వెళ్లేసరికి వాకరు వదిలి చేతికర్ర పట్టాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచాను. మా మరిది చప్పట్లు కొట్టాడు. నా మీద నాకు గౌరవం తిరిగి వచ్చింది. మంచాన పడి లేచినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది.

వినాయక చవితి దాటాక వ్యాయామాలు మారాయి. నన్ను మంచం పక్కన నిలబెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, వీపు నిటారుగా ఉంచి, పట్టీలు రెండు చేతులతో ఒంటి వైపుకు లాగమనేది. పొట్ట బిగించాలి, ఊపిరి వదులుతూ లాగాలి. తర్వాత అదే భంగిమలో పక్కకు తిరగాలి. పడుకుని తోసేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే రెండు కాళ్లూ కలిపి. ఒకరోజు తోస్తూ తోస్తూ ఆగిపోయాను. మెట్టు ఎక్కేటప్పుడు ఒక కాలు గాలిలో ఉంటుంది. ఒంటి బరువంతా రెండో కాలి మీదే. మరి నా చేత ఒక్కసారి కూడా ఒంటికాలితో ఎందుకు తోయించలేదు?

అదే అడిగాను.

"ఒంటికాలితోని చేసేటియి ఉన్నయమ్మా" అంది ఆ అమ్మాయి, స్ప్రింగు మారుస్తూ. "మీకు అవసరం పడదని పెట్టలే. క్వార్టర్ల మెట్లు లేవన్నరు గద."

"ఏ క్వార్టరు?"

"భూపాలపల్లిదే." ఇంతలో మరో పేషంటు వచ్చి పిలిస్తే అటు వెళ్లిపోయింది.

పండుగకు మా చెల్లెలి పిల్ల నన్ను నాలుగు రోజులు తీసుకుపోవాలనుకుంటోంది కాబోలు, నాకు చెప్పకుండా ఏర్పాటు చేస్తోంది కాబోలు అనుకున్నాను. సంతోషపడ్డాను కూడా.

ఆ శనివారం మధ్యాహ్నం ఆపా ఫోను చేసింది.

"టీచరమ్మా, అన్నీ సలామత్‌గ చేరినయా?"

"ఏవి ఆపా?"

"అరె, మీ సామాన్! మొన్న మీ బేటీ వచ్చి ట్రాలీల ఏస్కోని పోలే? గ్యాస్ బండ ఒక్కటి మర్చిపోయిన్రు. దాన్నేం జెయ్యాలె అని అడుగుతున్న."

ఎండాకాలంలో నా చీరలు తెచ్చిపెడతానంటే తాళంచెవి పిల్ల చేతికి నేనే ఇచ్చాను. తిరిగి అడగలేదు. నా గొంతు మామూలుగానే వచ్చింది. "నేను ఇగ రానని నీకెవరు చెప్పిన్రు?"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. "ఆమెనే. పెద్దమ్మతోని మెట్లు ఎక్కుడు ఇగ కాదు, మా దగ్గర్నే ఉంటది, ఆమెనే పంపింది అన్నది. తాళం ఆమె చేతిలనే ఉండె, నేనెట్ల కాదంట? మీరు చెప్పలేదా?"

"చెప్పలే."

"యా అల్లా."

"గదులు ఇచ్చినవా?"

"ఇంక ఇయ్యలే. సున్నం ఏపిద్దామని ఆగిన."

"దసరా దాకా ఆగుమన్న గదా ఆపా."

"ఆగుత. మీ నోటితోని ఇన్న గద ఇప్పుడు, ఆగుత. కానీ తర్వాత..."

"తెల్సు" అన్నాను.

చెల్లెలు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాను. అంత కింద కూర్చుని లేవగలనన్న ధైర్యం కూడా ఆ మంచం ఇచ్చిందే. నీకు తెలుసా అన్నాను. దేని గురించి అని ఆమె అడగలేదు.

"తెల్సక్కా. పిల్లకు నౌకరి పోతదే. వాళ్లత్త పక్షవాతం వచ్చి మంచాన పడె. లేపాలె, కుర్చీల కూసోబెట్టాలె, పక్క మార్చాలె. పెట్టిన మనిషి పెట్టినట్టే పోతున్నది. నువ్వైతే ఇంటి మనిషివి. నీకు మాత్రం ఎవరున్నరు?"

"నన్ను అడగొచ్చు గదా."

"అడిగితె వస్తువా? నీకు నీ గదులే కావాలె."

"అందుకని గదులే లేకుంట చేసిన్రా?"

చెల్లెలు కుక్కరు ఇంకా కూయకముందే లేచి స్టవ్ కట్టేసింది.

సోమవారం సెంటరుకు పోయి మంచం ఎక్కకుండా దాని అంచున కూర్చున్నాను. మొదటి రోజు నా చెల్లెలి బిడ్డ లోపల ఏం చెప్పిందో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"పెద్దమ్మ ఒక పేషంటును చూస్కోవాలె, మంచం మీదికెల్లి కుర్చీలకు మార్చాలె, చేతులు, వీపు గట్టిపడాలె, ఆమె నడుం పట్టొద్దు అని చెప్పిందమ్మా. ఏం పనికోసం బలం కావాల్నో తెలిస్తేనే మేము వ్యాయామాలు పెడుతం. మీకు గూడ అదే కావాలేమో అనుకున్న."

"మెట్లు ఎక్కాలని నేను నీకు చెప్పలేదా?"

"మొదటి రోజే అన్నరు." తల దించుకుంది. "పెద్దోళ్లు అట్లనే అంటరు గదా అనుకున్న."

ఆ మాట నన్ను కోసింది. పిల్ల మోసం చేసిందంటే దానికి దాని అవసరం ఉంది. ఈ అమ్మాయికి ఏ అవసరమూ లేదు. నేను చెప్పింది విని, వినాల్సిన మాట కాదని పక్కన పెట్టింది. పడుకుని తోయడాలూ, నిలబడి లాగడాలూ మళ్లీ కళ్ల ముందు తిరిగాయి. నడుం వంచకుండా లాగడం, లాగినదాన్ని పక్కకు తిప్పడం. నేను ఒక మనిషిని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెడుతున్నాను. చవితి దాటినప్పటి నుంచీ అదే చేస్తున్నాను. ఆ మనిషి మాత్రం అక్కడ లేదు. సాయంత్రాలు ఫోనులో నడుం సంగతీ, చేతుల సంగతీ అడిగింది ఎందుకో అప్పుడు తెలిసింది. పొలం పనికి ఎద్దును కొనేవాళ్లు దాని మూపురం తడిమి చూస్తారు. ప్రేమగానే తడుముతారు.

మానేద్దామనుకున్నాను. కానీ దసరా దగ్గర పడుతోంది, నాకు తెలిసినంతలో ఆ మంచం ఇంకెక్కడా లేదు. పోగొట్టుకుంటే నా కాలే పోతుంది.

"ఇయ్యాల్టి నుంచి ఒంటికాలు" అన్నాను. "ఎడమది."

ఆ అమ్మాయి స్ప్రింగులన్నీ తీసి ఒక్క ఎరుపు ఉంచింది. కుడి కాలు పైకెత్తి ఎడమ కాలితో తోశాను. పలక కొంచెం కదిలి ఆగిపోయింది, మోకాలు లోపలికి వాలిపోయింది. ఇన్నాళ్లూ రెండు కాళ్లతో తోసినప్పుడు కుడి కాలే ఎడమ కాలి పని కూడా చేసిపెట్టింది. చూసేవాళ్లకు తెలియలేదు, నాకూ తెలియలేదు. ఎరుపు తీసి నీలం పెట్టింది. అది కదిలింది. ఆ తర్వాత ఒక చెక్క పెట్టె మీద ఎక్కించడం, దించడం. ఆదివారాలు కూడా సెంటరు తెరిచి చేయించింది. తప్పు దిద్దుకుంటోందని నాకు తెలుసు. థాంక్స్ చెప్పలేదు.

పిల్ల ఫోను చేస్తే ఎప్పటిలాగే రంగులు చెప్పాను. ఏ కాలితో అని చెప్పలేదు.

పెత్రమాస దాటాక, దసరాకు ముందు ఆదివారం బస్సెక్కి, హన్మకొండలో మారి, భూపాలపల్లి పోయాను. చెప్పకుండా వచ్చినందుకు పిల్ల కంగారుపడింది, మరుక్షణం మొహమంతా వెలిగిపోయింది. "కూసో పెద్దమ్మా, చాయ్ పెడుత" అని లోపలికి పోయింది. క్వార్టరు వెనక గదిలో, దండెం మీది బట్టలకు కూడా బొగ్గు నుసి అంటుకునే ఆ ఇంట్లో, నా సామాను తెల్లటి గుడ్డ కప్పి పెట్టారు. నా మంచం మాత్రం వేసే ఉంది. పక్షవాతం మనిషి మంచం పక్కనే, చేయి చాపితే అందేంత దగ్గరగా. దుప్పటి కూడా పరిచారు.

ఆ పెద్దావిడ మంచం అంచుకు జారిపోతోంది. ఎంతసేపటి నుంచి అట్లా ఉందో, గట్టిగా పిలిచే నోరు లేదు. నేను ఆలోచించలేదు. కర్ర గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, పొట్ట బిగించి, ఆమె చంకల కింద చేతులు వేసి, ఊపిరి వదులుతూ లాగాను. ఆమె తేలిగ్గా వచ్చింది. దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. నాకు ఎక్కడా నొప్పి పుట్టలేదు. నా ఒళ్లు వాళ్లు నేర్పిన పని వాళ్లు అనుకున్నట్టే చేసి పెట్టింది.

ఆమె వంకర పోయిన నోటితో కష్టంగా అడిగింది. "నువ్వేనా... ఉండేది?"

ఆమెకు కూడా చెప్పారన్నమాట. నాకొక్కదానికే చెప్పలేదు.

గుమ్మంలో చాయ్ కప్పుతో పిల్ల నిలబడి ఉంది. "చూసినవా పెద్దమ్మా, ఎంత అల్కగ లేపినవో! నేనైతే ఇద్దరం కలిసి కింద పడుతుంటిమి." దాని సంతోషంలో కల్తీ లేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

"నా గదుల తాళంచెవి ఇయ్యి" అన్నాను.

కప్పు కింద పెట్టి ఏడ్చింది. "నాకెవరున్నరు పెద్దమ్మా? నువ్వే గద సదివించినవు. ఇంకొన్ని దినాలు చూస్తె ఏం పోతుండె?"

"అడగాల్సింది."

"అడిగితె కాదంటవని భయమైంది."

"కాదనే హక్కు నాకు లేదా?"

"ఉన్నది. గందుకే అడగలే."

పొద్దటి షిఫ్టు దిగి వచ్చిన దాని భర్త అంతా విన్నాడు. మేకుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, బయటికి పోయి ట్రాలీ వాడికి ఫోను చేశాడు. ట్రాలీ వచ్చేలోగా ఆ పెద్దావిడను ఎట్లా లేపాలో పిల్లకు చూపించాను. కాళ్లు ఎడంగా పెట్టాలి, నడుముతో లేపకూడదు, లేపే క్షణాన ఊపిరి వదలాలి. మొదటిసారి తప్పు చేసింది, రెండోసారి కుదిరింది. పిల్ల మీద జాలితో నేర్పలేదు. మంచంలో ఉన్నావిడ అడిగినదానికి నా దగ్గర అంతకన్నా జవాబు లేదు.

ఆ సాయంత్రమే మహబూబాబాద్ చేరాను. ఆపా, ఆమె కోడలు మెట్ల కింద నిలబడ్డారు. ఎడమ చేత్తో గోడ, కుడి చేత్తో కర్ర. పైమెట్టు మీద ముందు మంచి కాలు వేస్తారు, ఆ సంగతి అందరికీ తెలుసు. వెనక ఉన్న ఎడమ కాలు ఆ కాసేపూ ఒంటరిగా నా బరువు మోయాలి. మోసింది. మలుపు దగ్గర వణికింది. "ఆగున్రి టీచరమ్మా, దమ్ము తీస్కోన్రి, మెట్లు యాడికి పోవు" అంది ఆపా. ఆగాను. మళ్లీ ఎక్కాను. పై గదిలో గోడలకు కొత్త సున్నం వాసన. ఆగుతానన్నా, నేను ఎక్కలేననుకుని తన దగ్గరి రెండో తాళంచెవితో తీసి వేయించింది, నేనొచ్చానని సిగ్గుపడింది.

మంచం, పుస్తకాలు, గిన్నెలు పైకి వచ్చాయి. ఇనుప బీరువా రాలేదు. పిల్ల మనుషులు దాన్ని పిట్టగోడ మీంచి తాళ్లతో దించారట. ట్రాలీ వాళ్లు పైకెక్కించడం మా వల్ల కాదని ఆపా వరండాలో, కుట్టుమిషను పక్కన వదిలేసి పోయారు. నా చీరలన్నీ అందులోనే ఉన్నాయి. ఏ చీర కావాలన్నా కిందికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. దిగడమే కష్టం, దిగేటప్పుడు కాలు బరువును ఆపుకుంటూ వదలాలి. ఆపా నవ్వుతుంది, "రోజు మా దుకాణంలనే షాపింగ్ చేస్తున్నరు" అని. వాళ్ల అబ్బాయి మనుషులను పిలిచి ఎక్కిస్తానంటే, కొన్నాళ్లు ఉండనీ అన్నాను.

చెల్లెలు ఫోనులో, "ఇంత కోపం పనికిరాదక్కా" అంటుంది. కోపం కాదంటే నమ్మదు. పిల్ల కూడా అప్పుడప్పుడు చేస్తుంది. కాలు ఎట్లుందంటే మంచిగుందంటాను. ఆ పెద్దావిడను ఇప్పుడు ఎవరు లేపుతున్నారో అడగాలని నోటి దాకా వస్తుంది. అడిగితే, నువ్వు రావచ్చు కదా అంటుందేమోనని అడగను. అనదేమోనని కూడా.

ఇవాళ గురువారం. పసుపు చీర కట్టుకుందామని ఉంది. ఆపా మిషను చప్పుడు ఇంకా మొదలు కాలేదు. అది మొదలయ్యాక దిగుతాను, పడితే వినడానికి కింద ఒక మనిషి ఉండాలి కదా.